అతిథి చెయ్యి తటపటాయించని తష్తరీ

ఆ మధ్య ఎల్.బి.నగర్‌లో ఒక మిత్రుని ఇంట మంగ్నీకి మేమూ వెళ్ళాము. దస్తర్‌ఖాన్ మీదికి మొట్టమొదట ఒక పెద్ద తష్తరీ వచ్చింది. చీజ్ ముక్కలు, గులాబీ రేకుల్లా మడిచిన సలామీ పొరలు, నడుమ ద్రాక్షపళ్ళు. చూడముచ్చటగా ఉంది. కాని ఎవరూ చెయ్యి చాచలేదు. చివరకు ఒక పెద్దాయన, "బేటా, ఈ గోష్త్ ఎక్కడిది?" అని మెల్లగా అడిగారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నాడట, డబ్బా మీద ఏముందో చూడలేదట. తష్తరీ అలాగే లోపలికి వెళ్ళింది. ఆ ఇల్లాలి ముఖం చిన్నబోయింది.

అలంకరణలో తప్పు లేదు. హజ్రత్ ఇబ్రాహీం (అ) తమ ఇంటికి వచ్చిన అపరిచితులకు వెంటనే వేయించిన దూడ మాంసం తెచ్చి దగ్గరగా పెట్టారని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఉన్నంతలో మంచిది పెట్టడం మన సంప్రదాయమే. అయితే పెట్టినది అతిథి నిశ్చింతగా తినగలగాలి.

సలామీ యూరప్ వంటకం. అక్కడ ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు. మన దుకాణాల్లో కోడి మాంసంతో చేసినదీ దొరుకుతుంది. డబ్బా మీది గోధుమరంగు గుర్తు అది మాంసాహారమని మాత్రమే చెబుతుంది, హలాల్ అని చెప్పదు. అది వేరుగా చూసుకోవాలి. చీజ్ కోసం పాలను విరిచే రెనెట్‌ను కొన్నిచోట్ల దూడ పొట్ట నుంచి తీస్తారు. ఆకుపచ్చ గుర్తు ఉన్న చీజ్‌లో జంతు రెనెట్ ఉండదు.

ఇంత విచారణ అక్కరలేని తష్తరీ మన ఇంటి డాబా మీదే ఉంది. అది సూఖా గోష్త్, అంటే ఎండు తునకలు. బక్రీద్ తరువాతి మూడు దినాలను అయ్యామె తష్రీఖ్ అంటాము. మాంసం కోసి ఎండబెట్టడం వల్లనే ఆ పేరు వచ్చిందని పలువురు పండితుల వివరణ. తన ఎదుట భయంతో వణికిన ఒక మనిషితో దైవప్రవక్త (స), తాను ఎండు మాంసం తిన్న ఒక ఖురైషు స్త్రీ కుమారుణ్ణేనని చెప్పి ధైర్యమిచ్చారు. అది పేదింటి తిండి. కరవు ఏడు ఖుర్బానీ మాంసాన్ని మూడు దినాలకు మించి ఉంచవద్దన్న ఆయనే, మరుసటి ఏడు తినండి, పెట్టండి, దాచుకోండి అన్నారు. కనుక పేదల వాటా ముందు, ఎండబెట్టడం తరువాత.

కిలో ఎముకలేని మాంసాన్ని సన్నని పొడుగు ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించండి. దారానికి గుచ్చి, పైన పలుచని గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టండి. రాత్రిళ్ళు లోపలికి తెచ్చుకోవాలి. 2019లో బక్రీద్ ఆగస్టు 12న వానల్లో వచ్చింది. అటువంటి ఏడు ఎండబెట్టకపోవడమే మేలు. జిగురు, దుర్వాసన ఉంటే పారవేయండి.

అతిథులు వచ్చే రోజున ముక్కలు కడిగి, నానబెట్టి, మెత్తగా ఉడికించి, దంచి నూనెలో వేయించండి. లీటరు పాలను నిమ్మరసంతో విరిచి, గుడ్డలో కట్టి బరువు పెడితే ఇంటి పనీర్ తయారు. తష్తరీ అంచున తెల్లని పనీర్ ముక్కలు పేర్చి, నడుమ ఎర్రని గోష్త్ కుప్పగా పోయండి. చుట్టూ ఉల్లి చక్రాలు, పుదీనా, నిమ్మ బద్దలు. టమాటా తొక్కను తెగకుండా ఒలిచి చుడితే గులాబీ కూడా అవుతుంది.

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధుల్లో గోడకు గోడ కలిసిన ఇరుగుపొరుగు హిందువులు. వారిలో శాకాహారులూ వస్తారు. వారికి పనీర్, పండ్లు వేరే తష్తరీలో, వేరే కత్తితో కోసి పెట్టండి. ఆ పెద్దాయనకు కలిగిన సంకోచమే వారికీ కలగవచ్చు.

తష్తరీ అందం పువ్వుల్లో లేదు. అతిథి ఏమీ అడగకుండా చెయ్యి చాపినప్పుడే అది అందమైన తష్తరీ.