గాలివాన రాత్రి – ఇంటి బ్యాటరీ

నెల్లూరు సముద్రతీరమున కాపురముండు సోదరీమణులకు గాలివానలు క్రొత్త కావు. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటుటకు ముందు మన జిల్లాను వానలతో ముంచెత్తినది. అట్టి రాత్రులందు ఇన్వర్టరు బ్యాటరీయే దిక్కు. అదియు అడుగంటినచో పోర్టబుల్ పవర్ స్టేషనుతో దానిని నింపవచ్చునా? వాహనమునే యిల్లుగా జేసికొని తిరుగువారికిని ఇదియే సందేహము.

నింపవచ్చును, కాని లాభము స్వల్పము. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1800 వాట్ అవర్ల శక్తి పట్టును. స్టేషనులో 1000 మాత్రమే యున్నచో కడవను చెంబుతో నింపినట్లగును. పైగా శక్తిని ఒకదానినుండి మఱియొకదానికి మార్చిన ప్రతిసారియు కొంత వేడిమియై వ్యర్థమగును. కావున 9 వాట్ల దీపమును, ఫోనును, ఉబ్బసముగల పెద్దవారి నెబ్యులైజరును నేరుగా స్టేషనుకే తగిలించుట మేలు. ఆ దీప మొక్కటియే యైనచో మూడు రాత్రులైనను వెలుగును.

తప్పనిసరియైనచో ఇన్వర్టరు ప్లగ్గును స్టేషనులో పెట్టవలెను. అప్పుడు ఇంటి భారమంతయు స్టేషనుపై బడును గనుక ముందుగా ఇంటి స్విచ్చులన్నియు ఆర్పవలెను. స్టేషను తీగలను బ్యాటరీ ధ్రువములకు నేరుగా కలుపుట ప్రమాదకరము. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును. కావున కిటికీ తెఱచి, నిప్పును దూరముగా నుంచవలెను.

అన్నిటికంటె నుత్తమము, తుపాను వార్త వినినంతనే, కరెంటుండగనే, రెండింటిని నింపి యుంచుకొనుట. చీకటి పడినపిమ్మట నూనెకై వెదకుట గృహిణికి తగదు గదా!