చీలమండ దగ్గర మత్తు: వేలి గుర్తా, స్కాన్ తెరా?

పాదానికి ఆపరేషన్ చేయాల్సినప్పుడు మనిషిని నిద్రపుచ్చకుండా, చీలమండ దగ్గర ఐదు నరాల చుట్టూ మత్తుమందు ఇచ్చి పాదం వరకే స్పర్శ పోగొట్టడాన్ని యాంకిల్ బ్లాక్ అంటారు. షుగర్ వల్ల పుండు పడిన పాదాన్ని శుభ్రం చేయడానికి, కుళ్లిన వేలు తీసేయడానికి ఇది ఎంతో మేలైన దారి. ఆ రోగుల్లో చాలామందికి గుండె, కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. పూర్తి మత్తు తట్టుకోవడం వారికి కష్టం.

ఈ ఐదింటిలో టిబియల్, డీప్ పెరోనియల్ నరాలు గట్టి పొర కింద, ధమనుల పక్కన ఉంటాయి. సూరల్, సఫీనస్, సూపర్‌ఫిషియల్ పెరోనియల్ నరాలు చర్మం కిందే ఉంటాయి. వేలితో తడిమి సూది దించే పాత పద్ధతికీ, అల్ట్రాసౌండ్ స్కాన్ తెర చూస్తూ దించే పద్ధతికీ తేడా తేలేది ఈ లోతు దగ్గరే.

పాత పద్ధతిలో దారి చూపేది డాక్టరు వేలికొస. లోపలి చీలమండ వెనుక నాడి కొట్టుకునే చోటు తడిమి, దానికి కాస్త వెనుకగా సూది దించితే టిబియల్ నరం దగ్గరికి చేరుతుంది. బొటనవేలు పైకెత్తమన్నప్పుడు ఉబికే టెండన్ పక్కన డీప్ పెరోనియల్ దొరుకుతుంది. మిగతా మూడింటికి చర్మం కింద వరసగా మందు ఎక్కిస్తారు. చిక్కేమిటంటే వాచిన కాలిలోనూ, రక్తప్రసరణ తగ్గిన కాలిలోనూ నాడి వేలికి అందదు. అరికాలిలో ఎక్కువ భాగానికి స్పర్శనిచ్చేది టిబియల్ నరం. అక్కడ గురి తప్పితే మిగతా నాలుగూ కుదిరినా అరికాలి మీద కత్తి పెట్టలేరు.

నరాల మత్తుకు అల్ట్రాసౌండ్ సాయం 1978లో మొదలైంది. అప్పట్లో రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్‌తో రక్తనాళాన్ని మాత్రమే గుర్తుపట్టేవారు. 1994లో వియన్నా వైద్యులు మందు పాకడాన్ని తెర మీద చూస్తూ చేతికి మత్తు ఇచ్చారు. చీలమండ వెనుక స్కాన్ మెషీన్ ప్రోబ్‌ను (చర్మానికి ఆనించే భాగాన్ని) ఆనిస్తే ధమని కొట్టుకుంటూ నల్లగా, పక్కనే టిబియల్ నరం తేనెపట్టులా గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. మందు నరాన్ని ఒక పక్కే కమ్ముకుంటే సూదిని అప్పటికప్పుడు సర్దుకోవచ్చు. అందువల్ల తక్కువ మందుతోనే పని జరుగుతుంది. టొరంటోలో ఆరేళ్ల రికార్డులు తిరగేసి 2011లో ప్రచురించిన పరిశీలనలో, అల్ట్రాసౌండ్ వాడినవారిలోనే మత్తు ఎక్కువమందికి సరిగ్గా కుదిరింది. పాత రికార్డులను బట్టి తేల్చినది కాబట్టి, రోగులను లాటరీ వేసి రెండు జట్లుగా విడదీసిన ప్రయోగానికి ఉండే బలం దీనికి లేదు.

పైపై నరాల సంగతి వేరు. సఫీనస్ ఎంత సన్నమంటే తెర మీద చాలాసార్లు కనిపించదు. పక్కనున్న సిరే దానికి గుర్తు. ప్రోబ్ కొంచెం గట్టిగా నొక్కితే ఆ సిర కూడా అణిగి మాయమవుతుంది. అందుకే పిక్కకు పట్టీ బిగించి సిరను ఉబ్బేలా చేస్తారు. అంటే ఇక్కడ తెర ఉన్నా శరీర నిర్మాణ జ్ఞానమే దిక్కు. ఒకే స్కాన్ మెషీన్‌ను నలుగురు పంచుకునే ఆస్పత్రిలో దాన్ని ముందుగా టిబియల్ నరానికి వాడి, చర్మం కిందున్న మూడింటినీ వేలి గుర్తులకు వదిలేయడం సబబు.