మీకు తెలుసా? చేతి లెక్కకు చిక్కిన 39 అంకెల ప్రధాన సంఖ్య

170141183460469231731687303715884105727. రెండును 127 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. 1, తాను తప్ప దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య లేదని 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా తేల్చాడు. కంప్యూటర్ అప్పటికి లేదు.

ఒక్కో సంఖ్యతో భాగించి చూద్దామంటే కుదరదు. దీని వర్గమూలమే 20 అంకెల సంఖ్య! లూకా అసలు కారణాంకాల జోలికే పోలేదు. ఆయన పద్ధతికి 1930లో గణితవేత్త లేమర్ ఇచ్చిన సులభ రూపం ఇది: 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి, వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా 125 సార్లు చేశాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్యే. ఇంత పెద్ద ప్రశ్నకు ఇంత చిన్న పరీక్ష దొరకడం గణితంలోని గొప్ప అందాల్లో ఒకటి.

తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతిపెద్దదిగా ఇది 75 ఏళ్లు నిలిచింది. 1951లో గానీ ఆ రికార్డు పోలేదు.

ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది వరుసగా 127 ఒకట్లు. రెండును 126 సార్లు గుణించి దీనితో హెచ్చవేస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే 28 లాగా, తనకంటే చిన్నవైన భాజకాలన్నిటి మొత్తానికి సమానం.

ఇంకో వింత: 2, 3, 7, 127, ఆపై ఇది. ప్రతిసారీ ముందు సంఖ్యను రెండుకు ఘాతంగా వేసి ఒకటి తీసేస్తే తర్వాతది వస్తుంది. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది ప్రధానమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దానిలోని అంకెలను లెక్కించి చెప్పడానికే 38 అంకెల సంఖ్య కావాలి.