గ్యాలరీ మూతపడింది... పేపరు మిగిలింది!

పట్టుమని రెండేళ్లు నడిచిందా గ్యాలరీ. 1964లో లండన్‌లో మొదలైంది. 1966లో మూతపడింది. పేరు ‘సిగ్నల్స్’. అయినా ఆధునిక కళ చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని వదిలిపెట్టడం లేదు. కారణం... అది అచ్చేసిన ఓ పేపరు!

పాల్ కీలర్, మనీలా నుంచి వచ్చిన డేవిడ్ మెడల్లా, విమర్శకుడు గై బ్రెట్... ఇలా నలుగురైదుగురు కుర్రాళ్లు, కళాకారులు కలిసి మొదలెట్టారు. ముందు ఓ ఫ్లాట్‌లో. తర్వాత విగ్‌మోర్ స్ట్రీట్‌లో. గ్రీకు శిల్పి టాకిస్ పొడవాటి సన్నని ఊచల చివర దీపాలు పెట్టి, రైల్వే సిగ్నళ్లను తలపించే శిల్పాలు చేసేవాడు. గ్యాలరీ పేరు అక్కణ్నుంచి వచ్చిందే.

కొత్త కళ అంటే అప్పట్లో అందరి చూపూ న్యూయార్క్ వైపే. వీళ్లు మాత్రం బ్రెజిల్, వెనెజులా వైపు చూశారు. బ్రెజిల్ కళాకారిణి లిజియా క్లార్క్ రేకుల్ని మడతబందులతో కలిపి బొమ్మలు చేసేది. చూసేవాళ్లు వాటిని చేత్తో పట్టుకుని తిప్పుకోవచ్చు. మెడల్లా అయితే ఏకంగా సబ్బు నురగ పొంగే యంత్రాలనే శిల్పాలన్నాడు.

వీటన్నిటి కబుర్లూ ‘సిగ్నల్స్ న్యూస్‌బులెటిన్’లో వచ్చేవి. సంపాదకుడు మెడల్లానే. అచ్చం వార్తాపత్రికలాగే ఉండేది. కళాకారుల రాతలు, కవితలు, సైన్సు వ్యాసాలు... అన్నీ పక్కపక్కనే. నున్నటి కాగితం మీద ధరలు వేసుకునే కేటలాగులకూ దానికీ పోలికే లేదు.

కొంప ముంచిందీ ఆ పేపరే. విగ్‌మోర్ స్ట్రీట్ భవనం, ఖర్చులకు డబ్బూ కీలర్ తండ్రివి. కంటి వైద్య పరికరాల వ్యాపారం ఆయనది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రచయిత లూయిస్ మమ్‌ఫర్డ్ చేసిన ప్రసంగాన్నీ, వైట్‌హౌస్ కళోత్సవానికి రానంటూ కవి రాబర్ట్ లోవెల్ అధ్యక్షుడు జాన్సన్‌కు రాసిన లేఖనూ బులెటిన్‌లో అచ్చేశారు. పెద్దాయన సాయం ఆపేయడానికి అదే కారణమని చరిత్రకారులు చెబుతారు. డబ్బు ఆగింది, గ్యాలరీ ఆగింది.

అప్పటికే బ్రెజిల్ కళాకారుడు ఎలియో ఓయితిసికా ప్రదర్శన కోసం పంపిన కళాఖండాలు లండన్ చేరాయి. పెట్టడానికి చోటేదీ? బ్రెట్ వాటిని తన ఫ్లాట్‌లో దాచాడు. పట్టువదలకుండా తిరిగి, 1969లో వైట్‌చాపెల్ గ్యాలరీలో ఆ ప్రదర్శన జరిపించాడు. ఓయితిసికా పేరు యూరప్‌లో మోగింది ఆ తర్వాతే.

టాకిస్ 2019లో, మెడల్లా 2020లో, బ్రెట్ 2021లో కన్నుమూశారు. ఆ రెండేళ్ల సంగతులు వాళ్లను అడిగి తెలుసుకునే వీల్లేదిక. లండన్ సంస్థ ఇనీవా 1995లో ఆ బులెటిన్లను ఉన్నవి ఉన్నట్టుగా మళ్లీ అచ్చేసింది. సిగ్నల్స్ గురించి తెలుసుకోవాలంటే ముందు తెరవాల్సింది వాటినే. వియత్నాం పేజీలతో సహా.