యోబుకు చూపిన చుక్కలు

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేలమంది చనిపోయారు. ఏటా ఆ తేదీన మబ్బు లేకపోతే, రాత్రి 7 గంటలకల్లా పాలకాయతిప్ప తీరంలో తూర్పువైపున ఒక చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది. మన పెద్దలు దాన్ని పిల్లలకోడి అన్నారు. పంచాంగంలోనూ, తెలుగు బైబిల్లో యోబు గ్రంథంలోనూ దాని పేరు కృత్తిక.

నక్షత్రాల గురించి పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు, సండేస్కూల్ టీచర్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ముందు వాటిని లెక్కపెట్టమనండి. ఆరో ఏడో ఉన్నాయంటారు. నిజానికి ఆ గుంపులో 1000కి పైగా నక్షత్రాలున్నాయి. ఒకే వాయుమేఘంలో, సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం దాదాపు ఒకేసారి పుట్టిన తోబుట్టువులవి. వాటి వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 440 ఏళ్లు పడుతుంది. అంటే 1611లో ఇంగ్లిషు వర్తకులు మచిలీపట్నంలో స్థావరం పెట్టకముందే బయల్దేరిన వెలుగును మనం ఈనాడు చూస్తున్నాం!

ఒకే ఇంట పుట్టినా అందరి ఆయుష్షూ ఒకటి కాదు. బాగా బరువైన నక్షత్రం తన హైడ్రోజన్‌ను వేగంగా మండించుకుని కొన్ని కోట్ల ఏళ్లలోనే ముగిసిపోతుంది. సూర్యుని వంటిది 1000 కోట్ల ఏళ్లు వెలుగుతుంది. చిన్నవి ఇంకా ఎక్కువకాలం ఉంటాయి. అయితే ఆరిపోయినవి వ్యర్థం కాలేదు. మన రక్తంలోని ఇనుము, ఎముకల్లోని కాల్షియం అలా గతించిన నక్షత్రాల్లో తయారైనవే.

ఇంతలో ఒక బిడ్డ, 'మా తాతమ్మ ఉప్పెనలో ఎందుకు పోయింది?' అని అడగవచ్చు. తుపాను ఎలా వచ్చిందో సైన్సు చెబుతుంది. మా ఇంటికే ఎందుకన్న ప్రశ్నకు మాత్రం తొందరపడి జవాబివ్వకండి. యోబు కూడా పెనుగాలికి ఇల్లు కూలి పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్నవాడే. అది అతని పాపఫలమేనన్న స్నేహితులను దేవుడు మందలించాడు. యోబుకు ఆయన కారణం వివరించలేదు. కృత్తికలను చూపి, ఆ గుంపును కూర్చినవారెవరో ఆలోచించమన్నాడు (యోబు 38:31). అతన్ని మాత్రం ఒంటరిగా విడిచిపెట్టలేదు.

మనమూ అంతే చేద్దాం. తెలిసింది నిజాయితీగా చెబుదాం. తెలియనిచోట ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుని, ఆకాశం వైపు చూద్దాం.