ప్రసిద్ధ నవలలకు క్రైస్తవ ప్రేమకథా పునఃకథనాలు: తెలుగు అనుసృజన సంప్రదాయంతో తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంగ్ల సాహిత్యంలోని ప్రసిద్ధ నవలలను క్రైస్తవ విశ్వాస నేపథ్యంలో ప్రేమకథలుగా తిరిగి చెప్పే ధోరణి గత రెండు దశాబ్దాలుగా అమెరికాలో బలపడింది. ఈ పునఃకథనాల నిర్మాణాన్ని, వాటిలో మూలకృతికి కలిగే మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో జరిగిన రెండు అనుసృజనలతో, అంటే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’తో, గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’తో పోల్చి, ఈ ప్రక్రియ తెలుగు నేలపైకి వస్తే ఎదురయ్యే ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: పునఃకథనం, అనుసృజన, క్రైస్తవ ప్రేమ నవల, జేన్ ఆస్టెన్, కందుకూరి వీరేశలింగం, జాషువ, సికింద్రాబాద్.

1. ఉపోద్ఘాతం

1806లో కంటోన్మెంటుగా ఏర్పడిన సికింద్రాబాద్‌కు ఆంగ్ల క్రైస్తవ గ్రంథాలతో దీర్ఘకాల సంబంధం ఉంది. సైనికుల కోసం వెలసిన చర్చిలు, మిషన్ పాఠశాలలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇక్కడ ఆంగ్లం చదివే క్రైస్తవ పాఠకవర్గాన్ని తయారుచేశాయి. తరువాతి కాలంలో ఓఎమ్ బుక్స్, ఆథెంటిక్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలు సికింద్రాబాద్ చిరునామాతో పాశ్చాత్య క్రైస్తవ రచనలకు భారతీయ ముద్రణలు తెచ్చాయి. ఒకే పాఠకురాలు తెలుగు బైబిలును ఆరాధనలోనూ, ఆస్టెన్ నవలను కళాశాలలోనూ చదివే నగరమిది. ఆ రెండు పఠనాలను ఒకే కథలో కలిపే ప్రక్రియ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఇక్కడి సాహిత్య పరిశోధకులకు అవసరం.

2. ప్రక్రియ పుట్టుక, స్వరూపం

ఆధునిక క్రైస్తవ ప్రేమ నవలకు జానెట్ ఓక్ 1979లో వెలువరించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ దారి వేసింది. భర్తను కోల్పోయిన యువతి, భార్యను కోల్పోయిన రైతు అవసరార్థం పెళ్లి చేసుకుని క్రమంగా ప్రేమకు చేరడం అందులోని కథ. 1997లో హార్లెక్విన్ సంస్థ ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ శ్రేణిని ప్రారంభించడంతో ఈ ప్రక్రియకు విపణిలో స్థిరమైన చోటు దొరికింది.

పునఃకథన మార్గంలో ముందు వచ్చిన ప్రసిద్ధ కృతి ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’. హోషేయ, గోమెరుల బైబిలు వృత్తాంతాన్ని ఆమె 1850ల నాటి కాలిఫోర్నియా బంగారు వేట కాలానికి తరలించారు. ఈ నవల 1991లో సాధారణ ప్రచురణగా వచ్చి, 1997లో సంస్కరణ పొంది క్రైస్తవ ప్రచురణగా మళ్లీ వెలువడింది. ఒకే రచన రెండు పాఠకవర్గాల కోసం రెండు రూపాలు ధరించిన ఉదాహరణ ఇది.

ప్రసిద్ధ నవలల విషయానికి వస్తే డెబ్రా వైట్ స్మిత్ 2004–2006 మధ్య ఆస్టెన్ ఆరు నవలలనూ సమకాలీన అమెరికా క్రైస్తవ కథలుగా మలిచారు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ అయింది. ఆస్టెన్ తన నవల తొలి ప్రతికి పెట్టుకున్న పేరే అది. ‘పర్సుయేషన్’ ‘పాసిబిలిటీస్’గా మారింది. కాథరిన్ రే ‘డియర్ మిస్టర్ నైట్లీ’ (2013) జీన్ వెబ్‌స్టర్ ‘డాడీ లాంగ్ లెగ్స్’ (1912) నవలను అనుసరించింది.

3. మూలకృతికి కలిగే మార్పులు

3.1 ప్రతిబంధకం మారడం: ప్రేమకథకు అడ్డంకి ప్రాణం. ఆస్టెన్ నవలలో ఆ అడ్డంకి ఆస్తి. బెన్నెట్ కుటుంబపు ఆస్తి కూతుళ్లకు రాదు; కనుక వివాహం వారికి జీవనాధారం. ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ నాయిక ఎడీ టెక్సస్‌లో న్యాయవాది. తన సంపాదన తనకున్న స్త్రీకి పాత అడ్డంకి పనిచేయదు. కథ ఆధునికమైనప్పుడు ఏర్పడే ఈ ఖాళీని ఈ ప్రక్రియలో విశ్వాసం పూరిస్తుంది. అవిశ్వాసితో జోడు కట్టరాదన్న పౌలు హెచ్చరిక, వివాహపూర్వ పవిత్రత ఇక్కడ కొత్త అడ్డంకులవుతాయి.

3.2 పరివర్తన స్థానం మారడం: ఆస్టెన్‌లో డార్సీ ఉత్తరం చదివాక ఎలిజబెత్ తన తప్పును తానే గుర్తిస్తుంది. డార్సీ మారాడనడానికి సాక్ష్యం అతని చర్య: లిడియా పరువును రహస్యంగా కాపాడడం. పశ్చాత్తాపం మనిషికీ మనిషికీ మధ్య జరిగి, క్రియ ద్వారా రుజువవుతుంది. క్రైస్తవ ప్రేమ నవలా సంప్రదాయంలో మలుపు ప్రార్థనలో వస్తుంది. పశ్చాత్తాపం ముందు దేవుని ఎదుట, తరువాతే ప్రియురాలి ఎదుట. దీనివల్ల పాత్ర అంతరంగానికి లోతు వచ్చే అవకాశం ఉంది. అదే సమయంలో పాఠకుడు పరీక్షించగల సాక్ష్యం తగ్గే ప్రమాదమూ ఉంది. మారానని పాత్ర చెబితే సరిపోదు, మార్పు కథలో కనబడాలి. ఈ నవలల గుణదోష విచారణకు ఇదే ముఖ్యమైన గీటురాయి.

3.3 వ్యంగ్యం తగ్గడం: ఆస్టెన్ మతగురువు కూతురు. అయినా కాలిన్స్ వంటి మతగురువును నిర్దాక్షిణ్యంగా నవ్వులపాలు చేసింది. విశ్వాసాన్ని బలపరచాలనే లక్ష్యంతో సాగే పునఃకథనానికి ఆ వ్యంగ్యాన్ని నిలుపుకోవడం కష్టం. నిలుపుకున్న చోట కథ పదునెక్కుతుంది. వదిలిన చోట ఆస్టెన్ చట్రం మాత్రమే మిగులుతుంది.

4. తెలుగు పూర్వరంగం

తెలుగు నవల తొలి అడుగే ఒక పునఃకథనం. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766) ప్రేరణతో వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. ‘వివేకవర్ధని’లో 1878లో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకమైంది. మూలంలో నాయకుడు ప్రిమ్‌రోజ్ క్రైస్తవ మతగురువు. సంపద పోయినా, చెరసాల పాలైనా అతణ్ణి నిలబెట్టేది దైవవిశ్వాసం. వీరేశలింగం ఆ కుటుంబాన్ని ధవళేశ్వరం బ్రాహ్మణ గృహంగా మార్చారు. రాజశేఖరుని పతనానికి ముఖస్తుతికి లొంగడం, బైరాగి బంగారం చేస్తాడని నమ్మడం వంటి అవివేకాలు కారణమయ్యాయి. మారువేషంలో తిరిగే ప్రభువు పాత్ర మాత్రం రామరాజు రూపంలో నిలిచింది. క్రైస్తవ సహనగాథ సంఘసంస్కరణ కథ అయింది. ఆ నవలను జె. రాబర్ట్ హచిన్సన్ ఆంగ్లంలోకి అనువదించగా 1887లో ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో లండన్‌లో వెలువడింది. మతగురువు కథగా బయలుదేరినది హిందూ గృహజీవన చిత్రంగా ఆంగ్ల పాఠకులకు తిరిగి చేరింది.

రెండవ ఉదాహరణ జాషువ ‘గబ్బిలం’ (1941). భిన్న కులాల తల్లిదండ్రులకు క్రైస్తవ కుటుంబంలో జన్మించిన కవి కాళిదాసు ‘మేఘసందేశం’ చట్రాన్ని తీసుకున్నారు. విరహి యక్షుని స్థానంలో ఆకలిగొన్న అస్పృశ్యుడు వచ్చాడు. మేఘం స్థానంలో గబ్బిలం, ప్రియురాలి స్థానంలో కాశీ విశ్వనాథుడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదన్నదే కావ్యానికి మూలశక్తి. అమెరికన్ పునఃకథనం ప్రసిద్ధ కృతిలోకి విశ్వాసాన్ని తెచ్చి ప్రేమను కాపాడుతుంది. జాషువ ప్రసిద్ధ కృతినుంచి ప్రేమను తీసివేసి న్యాయాన్ని నిలిపారు.

5. తెలుగు నేలపై ఎదురయ్యే ప్రశ్నలు

అమెరికన్ కథలో నాయకుడు విశ్వాసి కావడం ప్రధానంగా అంతరంగ సంఘటన. తెలుగు సమాజంలో అదే సంఘటనకు చట్టపరమైన, కులపరమైన ఫలితాలున్నాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన వ్యక్తికి షెడ్యూల్డ్ కుల హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాలలో అటువంటివారు బీసీ–సి వర్గంలోకి వస్తారు. ఆ వర్గానికి రిజర్వేషన్ 1 శాతం. ఆ హోదాతో ఉద్యోగమో చదువో ఆశించే నాయకునికి బాప్తిస్మం ప్రేమకు చేరువచేసే మెట్టు మాత్రమే కాదు, జీవనోపాధిని పణంగా పెట్టే నిర్ణయం కూడా. మరోవైపు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం వధూవరులలో ఒకరు క్రైస్తవులైనా వివాహాన్ని అనుమతిస్తుంది. చట్టం అడగని మతాంతరాన్ని కుటుంబమో సంఘమో అడిగినప్పుడు, అది విశ్వాసమా, ఒత్తిడికి లొంగుబాటా అన్న ప్రశ్న తప్పదు. అమెరికన్ నవలలో సుఖాంతానికి తలుపు తెరిచే ఘట్టమే ఇక్కడ కథలో అత్యంత క్లిష్టమైన ఘట్టం అవుతుంది.

ఆధునికీకరణలో ఆస్టెన్ అడ్డంకులు కరిగిపోయాయన్న పరిశీలన తెలుగు సందర్భానికి వర్తించదు. వరకట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించినా ఆచారం పోలేదు. చర్చి లోపల కూడా వివాహ సంబంధాలలో కులం పాత్ర వహిస్తూనే ఉంది. కాబట్టి ఎలిజబెత్ బెన్నెట్ ఆర్థిక భయం, డార్సీ వంశగర్వం తెలుగు క్రైస్తవ కుటుంబంలో పెద్దగా మార్చకుండానే అర్థమవుతాయి. ఆస్టెన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని తమిళనాడుకు తరలించిన చిత్రం 2000లో ‘ప్రియురాలు పిలిచింది’గా తెలుగులోకి వచ్చినప్పుడు, ఆస్తి కోల్పోయిన అక్కచెల్లెళ్ల కథ పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

6. ముగింపు

పై పరిశీలననుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, క్రైస్తవ ప్రేమకథా పునఃకథనం కేవలం వేషం మార్పు కాదు. అడ్డంకిని, పరివర్తనను, వ్యంగ్యాన్ని ప్రభావితం చేసే నిర్మాణపరమైన మార్పు. రెండవది, మూలంలోని మతభావాన్ని మార్చి చెప్పడం తెలుగుకు కొత్త కాదు. వీరేశలింగం, జాషువ దానిని భిన్న దిశలలో సాధించారు. మూడవది, ఈ ప్రక్రియ తెలుగులో సార్థకం కావాలంటే బాప్తిస్మ ఘట్టాన్ని ప్రేమకు బహుమతిగా కాక, మూల్యం గల నిర్ణయంగా చిత్రించాలి. ఏ కృతినైనా పరిశీలించే పరిశోధకులు విశ్వాసం కథలోకి వచ్చిందా అని మాత్రమే కాక, దానివల్ల ఎవరు ఏమి కోల్పోయారో రచన చెప్పిందా అని అడగాలి. నాయకుడు పోగొట్టుకున్న కుల ధ్రువపత్రం గురించి మాట్లాడని సుఖాంతం తెలుగు పాఠకునికి సగం కథే.