పూర్వజన్మ ప్రేమలూ, పోయిన కళలూ

పోయిన కళ ఒకటి. దాన్ని వెతికే యువతీయువకులిద్దరు. ఏ పాత శిల్పం ముందో వాళ్ళకు హఠాత్తుగా మెరిసే పూర్వజన్మ జ్ఞాపకం. ప్రేమనూ రహస్యాన్నీ కలిపి అల్లే నవలలకూ సినిమాలకూ ఇది బాగా అరిగిన ముడిసరుకు. ఇలాంటి రచనను మూఢనమ్మకమని ఒక్కమాటతో తోసెయ్యడం విమర్శ కాదు. పాఠకుడు అందులో ఏం వెతుక్కుంటున్నాడు, రచయిత అతని చేతికి ఏం ఇస్తున్నాడు అని అడగాలి.

ఈ కథాపద్ధతి మనకు పరాయిది కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం' నిండా ఉన్నది ఇదే. అందులో కలభాషిణి ద్వారకకు చెందిన వేశ్య. తుంబురుణ్ణి మించాలని నారదుడు కృష్ణుడి అంతఃపురంలో సంగీతం నేర్చుకుంటుంటే, అతని శిష్యుడు మణికంధరుడితోపాటు ఆమె కూడా ఆ విద్యలో పాలుపంచుకుంటుంది. మరుజన్మలో మణికంధరుడు కళాపూర్ణుడనే రాజు, ఆమె అతని రాణి మధురలాలస. గతజన్మల ముడి విప్పేది శిశువుగా ఉన్న మధురలాలసే.

చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి, 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని చర్చకు పెట్టాడు. అలంకారాల లెక్క కట్టకుండా కథాకల్పన, పాత్రల స్వభావం, ఔచిత్యం అనే కొలతలతో చూశాడు. తెలుగులో ఆధునిక విమర్శకు అది పునాదుల్లో ఒకటి. ఆ కొలతలు నేటి పూర్వజన్మ నవలకూ పనికొస్తాయి.

సూరన దగ్గర గతజన్మ కథకు ఇరుసు. ఒక ఫలితం ముందు కనబడుతుంది, కారణం తర్వాత తెలుస్తుంది. రూపాలు మారి మనుషులు ఒకరినొకరు మోసగించుకుంటారు. ఆ చిక్కును పాఠకుడే ఓపికగా విప్పుకోవాలి. నాసిరకం నవలలో జ్ఞాపకానికి కారణం ఉండదు. కథ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ అది పైనుంచి ఊడిపడుతుంది. రచయిత చెయ్యాల్సిన పని విధి మీదికి పోతుంది.

అయితే సూరనను కూడా ఒక ప్రశ్న అడగాలి. వేశ్య రాణి కావడానికి ఆమె ఎందుకు చచ్చి పుట్టాలి? ఆ జన్మలోనే ఆమెకు ఆ గౌరవం ఇవ్వడానికి నాటి సమాజంలో చోటు లేదు. కావ్యం ఆ గోడను కూల్చలేక, మరణం మీదుగా దాటింది. ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన 'మూగమనసులు' చూడండి. పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధ. ఈ జన్మలో కలవలేక ఇద్దరూ నీళ్ళపాలవుతారు. కలిసేది మరుజన్మలో, చదువుకున్న దంపతులుగా. ప్రేక్షకుల కన్నీరు అబద్ధం కాదు. అంతస్తు చేసిన గాయం నిజమైనది. కానీ పరిష్కారం మాత్రం వాయిదా. పడవవాడు పడవవాడుగా ఉండి గెలవలేదు. పునర్జన్మ అన్యాయాన్ని గుర్తిస్తుంది, అన్యాయం చేసినవాణ్ణి మాత్రం కథలోంచి తప్పిస్తుంది.

ఇక పోయిన కళ. నవలలో అది కథానాయకుడి జ్ఞాపకంతో చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. వాస్తవంలో ఎలా వస్తుందో తిరుపతి చెబుతుంది. అన్నమయ్య (1408-1503), అతని కొడుకు, మనుమల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి తిరుమల గుడి భాండారంలో తరాలకొద్దీ మూగగా పడివున్నాయి. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ రేకులు చదివి, పాఠాలు పరిష్కరించి, అచ్చుకెక్కించారు. రేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయి గాని స్వరాలు లేవు. అసలు వరస పోయింది. రాళ్ళపల్లి వంటివారు మళ్ళీ కొత్తగా స్వరపరిచారు. మనం ఈనాడు వింటున్న ఆ పాటల్లో మాట పాతది, బాణీ మన కాలంవాళ్ళ కష్టం. ఎవరికీ గతజన్మ గుర్తుకు రాలేదు. కళ్ళు కాయలు కాసేలా చదివారు, గొంతు సవరించుకుని కట్టారు. అంతేకాదు, రేకు మీద ఆ అక్షరాలు చెక్కిన పనివాళ్ళలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

పూర్వజన్మ నవల వదిలేసేది ఈ మనుషులనే. కళ ఎందుకు పోయింది, దాన్ని ఎవరు భాండారంలో పెట్టారు, ఎవరి శ్రమతో తిరిగి వచ్చింది - ఈ మూడు ప్రశ్నలకంటే ఉత్కంఠ కలిగించే రహస్యం మరొకటి లేదు. ప్రేమ కూడా ఇందులో ఇమడగలదు. ఒకే రేకును వంచిన తలలతో చదువుతున్న ఇద్దరి మధ్య చనువు పుట్టడానికి ఏడు జన్మల సాక్ష్యం అక్కర్లేదు. వాళ్ళ మధ్య కులమో అంతస్తో అడ్డొస్తే, దాన్ని ఈ జన్మలోనే ఎదుర్కొననివ్వాలి. ఓడినా సరే, ఆ ఓటమి పాఠకుడికి ఎవరితో తేల్చుకోవాలో చెబుతుంది.